మెడ కింద ప్రవల్లిక

తొమ్మిదో రోజు పొద్దున్నే రవికిరణ్ నూజివీడు నుంచి ముసునూరు వచ్చాడు. మే నెల, మామిడి సీజను నడుమ. లారీలు వాకిట్లో నిలబడి ఉండగా కమీషన్ కొట్టు వదిలి రావడమంటే అతనికి మాటలు కాదు. కుర్చీలో కూర్చోకుండానే అక్క పెద్దకర్మ ఏర్పాట్లన్నీ చెప్పాడు. షామియానా ఎక్కడి నుంచి ఎక్కడిదాకా వెయ్యాలి, వంటవాళ్ళు ఎన్నింటికి దిగుతారు, బజారు పెద్దలు ఏ వరసలో కూర్చుంటారు. అంతా అయ్యాక గొంతు తగ్గించి, "అక్క ఫోటో ఏదండీ బావగారూ?" అని అడిగాడు.

ఫణి హైస్కూల్లో తెలుగు మాస్టారు. భార్య పోయిన ఈ తొమ్మిది రోజుల్లో అతను మాట్లాడిన మాటలు చాలా తక్కువ. లేచి వెళ్ళి ప్రవల్లిక లాప్‌టాప్ తెచ్చి, ఒక ఫోటో తెరిచి, బావమరిది ముందు పెట్టాడు.

మామిడి తోటలో ప్లాస్టిక్ స్టూలు మీద ప్రవల్లిక కూర్చుని ఉంది. తల మీద జుట్టు లేదు, కనుబొమలు లేవు, నుదుటన బొట్టు లేదు. ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుంది. కుడివైపు పమిట కింద ఎత్తు లేదు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కెమెరాని తిన్నగా చూస్తోంది. క్లాసులో జవాబు తెలిసిన పిల్ల, మాస్టారు తనని ఎందుకు అడగడం లేదా అని చూసే చూపు అది.

రవికిరణ్ మొహం పక్కకి తిప్పుకున్నాడు. "ఇది కాదండీ. దండ వేసే ఫోటో."

"ఇదే."

"ఇదేంటి బావగారూ, ఇప్పుడా వేళాకోళం!"

"వేళాకోళం కాదు రవీ. మార్చిలో మీ అక్క తనకి తాను తీసుకుంది. ఆ తర్వాత ఇంకేం తీసుకోలేదు."

"పసుపు కుంకాలతో పోయిన మనిషండీ! భర్త చేతుల్లో పోయే అదృష్టం ఎంతమందికి పడుతుంది? అలాంటి మనిషిని బొట్టు లేకుండా, బోడిగుండుతో, ఆ పక్కన ఆ..." అతను చెయ్యి విదిలించాడు. "బజారంతా వస్తుంది. అమ్మ వస్తుంది. ఇది గోడకి పెడితే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"మనం మాట్లాడుతున్నది మీ అక్క మొహం గురించి," అన్నాడు ఫణి.

రవికిరణ్ చెప్పులు వేసుకున్నాడు. "చార్లెస్‌కి నిన్ననే చెప్పేశాను. నా పెళ్ళి ఆల్బం ఇచ్చాను. ఫ్రేమూ, అడ్డరోడ్డులో కట్టే ఫ్లెక్సీ, రెండూ అతనే చూసుకుంటాడు." గుమ్మం దిగి మళ్ళీ వెనక్కి తిరిగాడు. గొంతు మెత్తబడింది. "బతికినన్నాళ్ళూ అన్నీ దాని ఇష్టప్రకారమే జరిగాయి కదండీ. ఈ ఒక్కటీ మాకు వదిలెయ్యండి."

బండి చప్పుడు దూరమయ్యేదాకా ఫణి అక్కడే నిలబడ్డాడు. ఈ ఒక్కటీ అన్నాడు. ఇంకేదైనా అడిగితే ఇచ్చేసేవాడే. పోయిన ఆడమనిషి ఫోటో గోడకెక్కే ముందు దానికి ఏం జరుగుతుందన్నదే ప్రవల్లిక పని. ఇరవై మూడేళ్ళు ఆ ఒక్క పనే చేసింది.

అది మొదలైంది చార్లెస్ స్టూడియోలోనే. అప్పుడామె డిగ్రీ చదువుతూ, సాయంత్రాలు నూజివీడు బస్టాండు పక్కన ఆ స్టూడియోలో కంప్యూటర్ పని చేసేది. పెళ్ళిళ్ళు లేని రోజుల్లో వచ్చే గిరాకీ అంతా పోయినవాళ్ళదే. మగవాళ్ళకి ఏదో ఒక పాస్‌పోర్టు ఫోటో ఉండేది. ఆడవాళ్ళకి అదీ ఉండేది కాదు. ఎవరి పెళ్ళిలోనో రెండో వరసలో, ఇంకొకరి భుజం వెనకాల సగం కనపడే మొహాన్ని చూపించి, "ఈవిడేనండీ మా అమ్మ. పెద్దది చేసి, కాస్త నిండుగా కనపడేలా చెయ్యండి," అనేవారు. నిండుగా అంటే పెద్ద బొట్టు, పట్టుచీర, మెడలో నగ. ఆ పనిని స్టూడియోలో ఫినిషింగ్ అంటారు.

ఒకసారి రెడ్డిగూడెం నుంచి ఒక ఫోటో వచ్చింది. మనిషికి మెడ దాకానే ఉంది, కింద ఎవరి పిల్లాడి తలో అడ్డం. చార్లెస్ తల పట్టుకున్నాడు. ప్రవల్లిక ఇంటికి వెళ్ళి, బీరువాలోంచి తల్లి పెళ్ళి పట్టుచీర చెప్పకుండా తీసుకొచ్చి కట్టుకుంది. నాటకాల సామాను అద్దెకిచ్చే షాపులో రోల్డుగోల్డు కాసులపేరు తెచ్చి మెళ్ళో వేసుకుంది. వచ్చి స్టూలు మీద కూర్చుని, "తియ్యండి," అంది. ఆవిడ మొహాన్ని ఈమె మెడ మీద పెట్టారు. కొడుకులు చూసి ఘొల్లుమన్నారు. "అచ్చం మా అమ్మే," అన్నారు.

చార్లెస్ ఆ ఫైలుకి 'బాడీ' అని పేరు పెట్టి దాచుకున్నాడు. ఆ తర్వాత చుట్టుపక్కల మండలాల్లో పోయిన ముత్తైదువలందరికీ అదే బాడీ. అవే భుజాలు, అదే ఆకుపచ్చ చీర, అదే కాసులపేరు. మొహాలే వేరు.

ప్రవల్లిక తర్వాత హైదరాబాదు వెళ్ళి ఫోటోగ్రఫీ చదువుకుంది. మొదటి ప్రదర్శనకి ఆమె పెట్టినవి తను తీసిన ఫోటోలు కావు. కంప్యూటర్ రాకముందు చార్లెస్ బ్లేడుతో మొహాలు కోసి తీసుకున్న గ్రూపు ఫోటోలు ఒక సొరుగు నిండా ఉండేవి. కోసుకున్నాక మిగిలినవాటిని ఎవరూ తిరిగి అడిగేవారు కాదు. ఆమె వాటిని గోడంత చేసి వేలాడదీసింది. పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు, చుట్టాలు, పిల్లలు, వాళ్ళ మధ్యలో ఒక ఆడమనిషి ఆకారంలో కన్నం. జనం వచ్చి ఆ కన్నాల ముందు నిలబడేవారు.

పెళ్ళయి ముసునూరు వచ్చాక మామిడి షెడ్లలో కాయలు ఏరే ఆడవాళ్ళని వీడియో తీసింది. సొన పడి కాలిన చెంపలతో ఒక్కొక్కరూ కెమెరా ముందు నిలబడాలి, ఎంతసేపు నిలబడాలన్నది వాళ్ళిష్టం. ఒకామె పదకొండు నిమిషాలు నిలబడి, "ఇంక చాలమ్మా, కాయలున్నాయి," అని వెళ్ళిపోయింది. ఆ పదకొండు నిమిషాల్నీ కొచ్చిలో చూశారు, జర్మనీలో చూశారు. ఆమె పని గురించి పత్రికల్లో రాశారు. నూజివీడులో మాత్రం, "మీ అమ్మాయి ఫోటోలు తీస్తుందట కదా, మా వాడి బారసాలకి వస్తుందా?" అని ఆమె తల్లి నాగేంద్రమ్మని అడిగేవారు.

ఆ తర్వాతది 'మెడ కింద'. ఆమె ఇంటింటికీ తిరిగింది. గుమ్మంలో నిలబడే, "మీ గోడ మీద ఫోటోలో మెడ కింద ఉన్నది నేనండీ," అని చెప్పేది. కొందరు తలుపేసుకున్నారు. నలభై మూడు ఇళ్ళవాళ్ళు లోపలికి రమ్మన్నారు. ఒక్కో గోడకి ఒక్కో నిమిషం. ఫోటో కదలకుండా ఉంటుంది, వెనకాల ఇంట్లోవాళ్ళ మాటలు వినపడుతుంటాయి. జి. కొండూరులో ఒక ఇంట్లో ముగ్గురు కోడళ్ళు అత్తగారి కాసులపేరు ఎవరు దాచారని పదేళ్ళుగా మాటల్లేకుండా ఉన్నారు. ఆవిడకి కాసులపేరే లేదు. ఫోటోలో రోజూ చూసి చూసి ముగ్గురికీ ఉన్నట్టే గుర్తుండిపోయింది. ప్రవల్లిక సంగతి చెప్పేసరికి ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం, "మరైతే అత్తయ్య మెడలో ఏముండేదే?" అని పెద్ద కోడలు అడగడం, మిగతా ఇద్దరూ జవాబు చెప్పలేకపోవడం ఆ వీడియోలో ఉన్నాయి.

విజయవాడలో ఒక్కసారి ఆ వీడియో వేశారు. కబురు నూజివీడు చేరింది. ఒప్పుకున్న ఇళ్ళవాళ్ళే నలుగురూ నవ్వేసరికి ఎదురు తిరిగారు. చార్లెస్ స్టూడియో ముందు గొడవ చేశారు. "మీ అక్క మా అమ్మని నవ్వులపాలు చేసింది," అని రవికిరణ్ కొట్టుకి కాయ తేవడం మానేసినవాళ్ళున్నారు. తమ్ముడూ అక్కా రెండేళ్ళు సరిగ్గా మాట్లాడుకోలేదు.

ఆమె పనిలో ఫణి చేసింది ఒక్కటే, ఫోటోల కింద రాసే మాటలు దిద్దడం. ఆమె నాలుగు వాక్యాలు రాసి తెచ్చేది. అతను మూడు కొట్టేసేవాడు. "ఆ ఒక్కటి మాత్రం ఎందుకు మాస్టారూ?" అని నాలుగోదీ ఆమే కొట్టేసేది.

రొమ్ము క్యాన్సరని తెలిసిన వారం తల్లి పెళ్ళి చీరని ప్రవల్లిక బయటికి తీసింది. పెళ్ళిలో నాగేంద్రమ్మ ఆ చీర కూతురికే ఇచ్చేసింది. నెలకోసారి ఆ చీర కట్టుకుని తోటలో స్టూలు మీద కూర్చుని ఫోటో తీసుకునేది. ఆపరేషన్ ముందు, తర్వాత, జుట్టు ఊడుతుండగా, ఊడాక. "ఆ స్టూడియో పిల్లకి ఎప్పటికీ ఇరవై ఒకటే. చార్లెస్ గారికి కొత్త బాడీ ఇవ్వాలి మాస్టారూ," అని నవ్వేది. పద్నాలుగు ఫోటోలయ్యాయి. పద్నాలుగోది రవికిరణ్ చూడలేక మొహం తిప్పుకున్నది.

ఆ మధ్యాహ్నమే ఫణి స్కూటర్ మీద నూజివీడు వెళ్ళాడు. వద్దని చెప్పి వచ్చేద్దామని వెళ్ళాడు.

చార్లెస్‌కి అరవై దాటాయి. ఫణిని చూడగానే లేచి నిలబడి, రెండు చేతులూ పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాడు. గోడకి ఆనించిన ఫ్రేము మీద కాగితం తీశాడు.

ఫణి దాన్ని ఎంతసేపు చూశాడో అతనికే తెలియదు. తమ్ముడి పెళ్ళినాటి ప్రవల్లిక మొహం, స్టూడియో పిల్ల మెడ. ఆకుపచ్చ చీర కొత్తగా మెరుస్తోంది.

"మూడొందల పైన చేసుంటాను మాస్టారూ ఆ బాడీ మీద," అన్నాడు చార్లెస్. "ప్రతిదానికీ మెడ దగ్గర ఇబ్బందే. రంగు కలవదు, అతుకు కనపడుతుంది, నీడ వెయ్యాలి, గొలుసు పైకి జరపాలి. దీనికి ఏమీ చెయ్యలేదు. పెట్టగానే కూర్చుంది." అతను కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "ఆ వీడియో వచ్చినప్పుడు నన్ను కొట్టడానికొచ్చారు, తెలుసుగా? అయినా అమ్మాయి మీద నాకు కోపం రాలేదు. నాకు తెలియకుండా నా చేత అన్నేళ్ళు ఏం చేయించుకున్నారో నాకు చూపించింది."

"మరి ఇది ఎందుకు చేశారు?"

"రవిగారు చెప్పారు. ఆయన కొట్టు ఫ్లెక్సీలన్నీ నావే కదా మాస్టారూ." తర్వాత నెమ్మదిగా అన్నాడు. "నాక్కూడా చెయ్యాలనిపించింది. ఒక్కసారి అతుకు లేకుండా."

ఫణి మళ్ళీ ఫ్రేము వైపు చూశాడు. ఆ పిల్లని అతను ఎప్పుడూ చూడలేదు. అతను ఎరిగేసరికి ప్రవల్లికకి ఇరవై ఆరు. ఈ భుజాలు, ఈ మెడ, తను రాకముందువి. అవి గోడ మీద ఉంటే రోజూ చూసుకోవచ్చు. ఆస్పత్రి వాసన లేని ప్రవల్లిక. పద్నాలుగు నెలలు లేని ప్రవల్లిక. అతను చిన్న ప్రింటు ఒకటి అడిగి తీసుకుని, చెప్పాల్సింది చెప్పకుండానే ఇంటికొచ్చాడు.

కూతురు సాహితి ఇంటర్ పరీక్షలు రాసి ఇంట్లో ఉంది. ప్రింటు చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది.

"ఎవరు నాన్నా ఈవిడ?"

"అదేంటమ్మా. అమ్మ."

"నేను పుట్టకముందు అమ్మ. నీకూ తెలియని అమ్మ." ఆమె ప్రింటుని బల్ల మీద బోర్లా పెట్టింది. "మొన్నటిదాకా పొద్దున్నే అమ్మ తలకి కొబ్బరినూనె రాశాను నాన్నా. జుట్టు లేని తలకి. చెవి వెనకాల పుట్టుమచ్చ ఉందని అప్పుడే కదా మనకి తెలిసింది. ఆ తల ఏది ఇందులో?"

"బాగుంది కదా అని తెచ్చాను," అన్నాడు ఫణి.

"బాగుంది. ఎవరికైనా బాగుంటుంది. మూడొందల ఇళ్ళలో బాగుంది."

 మర్నాడు పొద్దున్న ఫణి బస్సెక్కి విజయవాడ వెళ్ళాడు. ప్రవల్లిక ప్రదర్శనలకి ప్రింట్లు వేయించే చోట పద్నాలుగో ఫోటోని నాలుగడుగుల ఎత్తున వేయించాడు. అద్దం వెయ్యమంటారా అని అడిగారు. ప్రవల్లిక తన ఫోటోలకి ఏనాడూ అద్దం వెయ్యనివ్వలేదు. అద్దం ఉంటే చూసేవాళ్ళకి వాళ్ళే కనపడతారనేది. వద్దన్నాడు.

పదకొండో రోజు తెల్లవారుతుండగా తండ్రీ కూతుళ్ళు స్కూటర్ మీద అడ్డరోడ్డుకి వెళ్ళారు. ఫ్లెక్సీ అప్పటికే రెండు కరెంటు స్తంభాల మధ్య కట్టి ఉంది. నిండు ముత్తైదువ, కాసులపేరు. కింద పెద్దక్షరాలతో 'అశ్రునివాళి'. దాని కింద 'ఆదర్శ గృహిణి, మమతల మూర్తి, పతిసేవా పరాయణురాలు శ్రీమతి ప్రవల్లిక'. ఫణి ప్రతి మాటా చదివాడు. ఆమె ఫోటోలు తీసేదని ఎక్కడా లేదు. అతను జేబులోంచి మామిడి అంట్లు కట్టే కత్తి తీసి, స్కూటర్ సీటు మీద నిలబడి, ఒకవైపు తాడు కోశాడు.

ఎదురుగా టీ కొట్టతను గిన్నె దించి ఇవతలికొచ్చాడు. "ఏంటి మాస్టారూ, పేరు తప్పు పడిందా?"

"పేరొక్కటే సరిగ్గా పడింది," అన్నాడు ఫణి, రెండో తాడు కోస్తూ.

సాహితి ఫ్లెక్సీని చాపలా చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

వాళ్ళు ఇల్లు చేరేలోపే వార్త రవికిరణ్‌కి చేరింది. తొమ్మిదింటికి కారు ఆగింది. ముందు సీట్లోంచి అతనూ, వెనక నుంచి అతని భార్య సుష్మా, తల్లి నాగేంద్రమ్మా దిగారు. వెనకే ఆటోలో ఫ్రేము పట్టుకుని చార్లెస్. షామియానా కింద అప్పుడప్పుడే ఊళ్ళోవాళ్ళు చేరుతున్నారు. హాల్లో ఎదురు గోడకి ప్రవల్లిక ఉంది. నాలుగడుగుల ఎత్తు, ఆకుపచ్చ చీర, నున్నటి తల. దాని కింద దీపం. వచ్చినవాళ్ళు లోపలికి తొంగి చూసి, ఏమనాలో తెలియక వెనక్కి వెళ్ళి కుర్చీల్లో కూర్చుంటున్నారు.

"ఫ్లెక్సీ కోసేశావంట?" అన్నాడు రవికిరణ్. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అతను బావని ఏకవచనంలో పిలవలేదు.

"కోశాను."

"చార్లెస్, అది దించి ఇది పెట్టు."

"దాన్ని ఎవరూ దించరు," అన్నాడు ఫణి. గొంతు పెంచలేదు. గోడకి అడ్డంగా వెళ్ళి నిలబడ్డాడంతే.

సుష్మ మధ్యలో కల్పించుకుంది. ఆమె చేతిలో గంధం, కుంకుమ ఉన్న పళ్ళెం. "పోనీ అన్నయ్యగారూ, ఉంచండి. అద్దం మీద గంధం పెట్టి, నిండుగా బొట్టు పెడితే కాస్త బాగానే..." దగ్గరికి వెళ్ళి చెయ్యెత్తి ఆగిపోయింది. "దీనికి అద్దం లేదేంటండీ?"

"లేదమ్మా."

"బొట్టు కాగితం మీద పెడితే పాడవుతుంది కదండీ!"

"అవుతుంది. అందుకే పెట్టకూడదు."

రవికిరణ్ నుదురు రుద్దుకున్నాడు. సుష్మని చూశాడు, బయట కుర్చీలని చూశాడు. "సరే బావగారూ. రెండూ పెడదాం. పక్కపక్కన. మీ మాటా ఉంటుంది, మా మాటా ఉంటుంది."

"రెండు పెడితే అందరూ రెండోదాన్నే చూస్తారు. ఇది కనపడకుండా పోతుంది."

"బజారు వాళ్ళు వస్తున్నారు. ఇది చూస్తే ఒక్కడు విస్తట్లో చెయ్యి పెట్టడు!"

"పెట్టకపోతే ఆకలితో వెళ్తారు." ఫణి ఊపిరి పీల్చుకున్నాడు. తర్వాత మాట్లాడింది రవికిరణ్‌తోనే అయినా బయట కుర్చీల్లోవాళ్ళకీ వినపడింది. "మీ అక్క మొహాన్ని ఇంకో మెడ మీద పెట్టనివ్వను రవీ. తన మెడే అయినా సరే, ఇరవై మూడేళ్ళ కిందటి మెడ మీద పెట్టనివ్వను. ఈ పద్నాలుగు నెలలూ తను పడింది తనదే. కోయించుకుంది, మాడిపోయింది, కూర్చుని ఫోటో తీసుకుంది. అది చూడలేనివాళ్ళు భోజనం చేసి వెళ్ళొచ్చు, లోపలికి రానక్కర్లేదు."

అతను ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం సాహితి ఎన్నడూ వినలేదు. వెళ్ళి తండ్రి పక్కన నిలబడింది.

అప్పటిదాకా నాగేంద్రమ్మ గుమ్మంలోనే ఉంది. డెబ్బై రెండేళ్ళ మనిషి, గంధం రంగు నేత చీర. ఆమె ఎవరి మాటా వింటున్నట్టు లేదు. నెమ్మదిగా నడిచి గోడ దగ్గరికొచ్చింది. ఫోటోలో కూతురి తల తన తల ఎత్తులోనే ఉంది. చూసింది. కుడివైపు పమిట మీద చెయ్యి పెట్టబోయి, కాగితమని గుర్తొచ్చి, గాలిలోనే ఆపింది.

"ఇదెప్పుడు తీసేశారు?"

ఆమె ఫణి వైపు తిరిగింది.

"అల్లుడుగారూ, మిమ్మల్నే. ఎప్పుడు తీసేశారు?"

"కిందటేడు జూన్‌లో అత్తయ్యగారూ."

"నాకు గడ్డ తీశారని చెప్పారు. జుట్టు పలచబడిందని చెప్పారు. నేనొచ్చినప్పుడల్లా నల్లగా, ఒత్తుగా ఉండేదిగా?"

"విగ్గండీ." ఫణికి తల వంగింది. "మీరు తట్టుకోలేరని తనే వద్దంది. మీరొచ్చే ముందు విగ్గు పెట్టుకుని, బొట్టు పెట్టుకుని, లోపల దూది పెట్టుకుని కూర్చునేది. నేను చెప్పాల్సింది. తప్పు నాదే."

"ఊరందరికీ ఉన్న మొహం చూపించింది. కన్నతల్లిని, నాకొక్కదానికేనా ఫినిషింగు!"

ఆ కేక బయటిదాకా వెళ్ళింది. వంటవాళ్ళు గరిటెలు ఆపారు.

"పోయిన రోజైనా చూడనిచ్చారా? ముత్తైదువకి నీళ్ళు పోసేచోట విధవరాలు ఉండకూడదని పెరటి గదిలో కూర్చోబెట్టారు. నేనొచ్చేసరికి మొహం నిండా పసుపు, తల నిండా పూలు. ఏది నా కూతురో ఏది పూలో తెలియలేదు." ఆమె మళ్ళీ ఫోటో వైపు తిరిగింది. గొంతు తగ్గింది. "ఇదిగో, ఇవాళ చూస్తున్నాను. ఇంత చిక్కిపోయిందన్నమాట. చూపు మాత్రం తగ్గలేదు, దొంగముండకి."

రవికిరణ్ దగ్గరికొచ్చాడు. "అమ్మా, నువ్వు కూర్చో. నేను మాట్లాడతాను."

"నువ్వు మాట్లాడింది చాలురా. ఆ ఆటోలోంచి తెచ్చినదాంట్లో ఉన్న చీర ఎవరిది?"

"ఏ చీర?"

"నాది. నా పెళ్ళి చీర. రెడ్డిగూడెంలో ఒకావిడ పోతే పరామర్శకి వెళ్ళిన రోజే పోల్చుకున్నాను. భుజం దగ్గర ఎలుక కొట్టిన చోట నేను రఫూ చేయించిన కుట్టు ఫోటోలో కనపడుతోంది. ఏమని అడుగుతాను? నా పెళ్ళి చీర మీ అత్తగారు ఎందుకు కట్టుకుందనా? ఆ తర్వాత ఎవరింటికి వెళ్ళినా అదే చీర. ఇరవై ఏళ్ళు నోరు మూసుకున్నాను. అది వీడియో తీస్తే తిట్టాను కూడా." ఆమె చార్లెస్ వైపు చెయ్యి చూపించింది. "అది తీసుకుపో నాయనా. అందులో నా చీర ఉంది, నా కూతురు లేదు."

చార్లెస్ ఫ్రేముని మళ్ళీ కాగితంలో చుట్టడం మొదలుపెట్టాడు. రవికిరణ్ ఆపలేదు. బయటికి నడిచి, షామియానా కింద బజారు పెద్దల మధ్య కూర్చున్నాడు. ఎవరో ఏదో అడిగారు. "మా అక్కే. వెళ్ళి చూడండి," అన్నాడు విసుగ్గా. ఒక్కొక్కరే లేచారు. ఇద్దరు మాత్రం చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయారు. మిగతావాళ్ళు లోపలికొచ్చి, ఫోటో ముందు, కాయలు ఏరే ఆడవాళ్ళు కెమెరా ముందు నిలబడినట్టే, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియకుండా నిలబడ్డారు. ఫణి ఎవరికీ ఏమీ వివరించలేదు. ఫోటో కింద ఒక్క పేరు మాత్రం రాసి ఉంది.

వడ్డనలు మొదలయ్యే వేళకి నాగేంద్రమ్మ హాల్లోకి ఒక కుర్చీ లాగించుకుని, ఫోటో పక్కనే గోడకి వీపు ఆనించి కూర్చుంది. చార్లెస్‌ని పిలిచింది.

"కెమెరా ఉందా?"

"ఆటోలో ఉందమ్మా. ఎందుకు?"

"నన్ను తియ్యి."

"ఇవాళా!" అంది సుష్మ. "కర్మ రోజున ఫోటో ఏంటత్తయ్యా, అందులో మీరు..."

"రేపు నేను పోతే వీళ్ళు మళ్ళీ నీ దగ్గరికే వస్తారు నాయనా," అంది నాగేంద్రమ్మ, కోడలి మాట విననట్టే. "ఎవరి పెళ్ళిలోనో సగం మొహం ఇస్తారు. నువ్వు నాకు ఏ బాడీ తగిలిస్తావో నాకేం తెలుసు? ఇప్పుడే తియ్యి. ఈ చీరతో, ఈ నుదురుతో, ఈ మెడతో."

చార్లెస్ కెమెరా తెచ్చాడు. కిటికీ వెలుతురు చూసుకున్నాడు. అలవాటు కొద్దీ, "కాస్త గడ్డం పైకి పెట్టండమ్మా," అన్నాడు.

"నా గడ్డం ఎక్కడుందో అక్కడే ఉంటుంది."

చార్లెస్‌కి ఇంకా జంకు తీరలేదు. గుమ్మం అవతల నిలబడి చూస్తున్న రవికిరణ్ వైపు ఒకసారి చూశాడు.

"వాణ్ణి చూస్తావేం?" అంది నాగేంద్రమ్మ. "కూర్చున్నది నేను."